ముందు తల, తర్వాతే మిగతావి

అగళి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ‘‘సార్, మా పాపను స్కూలు హాకీ టీములో గోల్‌కీపర్‌గా తీసుకున్నారు. పిల్ల సంబరంగా ఉంది. వాళ్లమ్మకే నిద్ర పట్టడంలేదు. ఏమేమి కొనాల? అన్నీ ఒకేసారి కొనలేను, ముందు ఏది కొనాల?’’

ఆఖరి ప్రశ్నే అసలైన ప్రశ్న.

కాలేజీలో నేనూ గోల్‌కీపర్‌నే. క్రికెట్ ప్యాడ్లు, మామూలు బూట్లు. ఒక సాయంత్రం బంతి నేరుగా బొటనవేలికి తగిలి గోరు ఊడింది. నెల్లాళ్లు కుంటాను. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, దాదాపు క్రికెట్ బంతి అంతే. కానీ గట్టి ప్లాస్టిక్‌. పెద్దల ఆటలో డ్రాగ్ ఫ్లిక్ గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. క్రికెట్ ప్యాడ్ పాదాన్ని కాపాడదు. కింద పడి బంతిని ఆపేటప్పుడు మొహం ముందు కర్రలు ఆడుతుంటాయి. క్రికెట్ హెల్మెట్‌ను అందుకోసం తయారుచేయలేదు.

అందుకే మొదటి రూపాయి గోల్‌కీపర్ హెల్మెట్‌కే. దానితోపాటే గొంతుకు గార్డు. తర్వాత పాదాలకు కిక్కర్లు, కాళ్లకు లెగ్ గార్డులు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పూర్తి రక్షణ సామగ్రితో ఆడే గోల్‌కీపర్‌కు హెల్మెట్, లెగ్ గార్డులు, కిక్కర్లు తప్పనిసరి. ఆపైన ఛాతీ గార్డు, చేతులకు గ్లవ్స్. పొత్తికడుపు కింద పెట్టుకునే గార్డు గురించి అడగడానికి చాలామంది తండ్రులు మొహమాటపడతారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరుగా దొరుకుతుంది. వాళ్లమ్మనైనా పంపండి, అది లేకుండా మాత్రం దింపకండి.

‘ఎదిగే పిల్ల కదా’ అని రెండు సైజులు పెద్దది కొనొద్దు. స్కూలు గౌనుకు ఆ లెక్క సరిపోతుంది, హెల్మెట్‌కు సరిపోదు. పాపను అంగడికి తీసుకుపోండి. హెల్మెట్ పెట్టి తల గట్టిగా ఊపమనండి. జారితే వద్దు. లెగ్ గార్డులు కట్టి మోకాళ్ల మీద కూర్చోమనండి, లేచి పక్కకు దూకమనండి. మోకాలు బయటపడినా, నడక తడబడినా వద్దు. పాత సామాను కొంటుంటే ఫోమును బొటనవేలితో నొక్కండి. గుంట అలాగే ఉండిపోతే దాని పని అయిపోయినట్టే. పగులు ఉన్న హెల్మెట్ ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

భయపడి ఇవన్నీ చెబుతున్నానని పిల్ల అనుకోవచ్చు. దానికో కథ చెప్పండి. ఒకప్పుడు కెనడా, అమెరికాల్లో ఐస్ హాకీ గోల్‌కీపర్లు ఉత్త మొహంతోనే ఆడేవారు. మాస్క్ పెట్టుకుంటే పిరికివాడని పేరు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో మాంట్రియల్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ మొహానికి రబ్బరు బిళ్ల తగిలింది. కుట్లు వేయించుకుని వచ్చి, మాస్క్ లేనిదే దిగనన్నాడు. కోచ్‌కు ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత వాడుకే మారిపోయింది. ధైర్యం మొహంలో ఉండదు, బంతికి ఎదురెళ్లడంలో ఉంటుంది. దెబ్బ తగలదన్న నమ్మకం ఉంటేనే పిల్లలు ఎదురెళ్తారు.

అప్పటి మన చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన ఎతిమరపు రజని 2017లో ఆసియా కప్ గెలిచిన భారత జట్టులో గోల్‌కీపర్. కాబట్టి అగళి పిల్లకు ఆ కల పెద్దదేమీ కాదు.

సామాను మొత్తం సమకూరేదాకా ఏం చెయ్యాలి? పీఈటీ మాస్టారుతో ఒక్క మాట చెప్పండి: ‘‘అయ్యా, అప్పటిదాకా టెన్నిస్ బంతితోనే ప్రాక్టీసు చేయించండి.’’ ఆ మాట అడగడానికి పైసా ఖర్చు లేదు. వాళ్లమ్మకు నిద్ర కూడా పడుతుంది.