పవర్ స్టీరింగ్ వైఫల్యాలపై ప్రభుత్వ దర్యాప్తులు

పవర్ స్టీరింగ్ అనగా కారు చక్రాలను తిప్పడంలో డ్రైవరు చేతి బలానికి తోడుగా నిలిచే ఏర్పాటు. నడుస్తున్న కారులో ఈ ఏర్పాటు ఉన్నట్టుండి ఆగిపోతున్నదని వచ్చిన ఫిర్యాదులపై అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం పలు దర్యాప్తులు జరిపినది. వీటిలో 2010 - 2014 మధ్య జనరల్ మోటార్స్ కార్లపై జరిగినవి ముఖ్యమైనవి. స్టీరింగు బరువెక్కడం కేవలం అసౌకర్యమా, లేక ప్రాణాలకు ముప్పు తెచ్చే లోపమా అన్నదే వీటన్నింటిలోను ప్రధానమైన ప్రశ్న.

పనిచేసే విధానం

పాత పద్ధతిలో ఇంజను బెల్టుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో పంపి స్టీరింగుకు సాయపడుతుంది. కొత్త పద్ధతిలో ఆ పని విద్యుత్ మోటారుది. డ్రైవరు ఎంత బలంతో తిప్పుతున్నాడో ఒక సెన్సారు కొలుస్తుంది. ఆ కొలతను బట్టి ఎంత సాయం కావాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. మోటారు అవసరమైనపుడే పనిచేస్తుంది కనుక ఇంధనం ఆదా అవుతుంది. ఈ పద్ధతి వ్యాపించడానికి ఇదొక ముఖ్య కారణం.

మోటారు ఆగిపోయినంత మాత్రాన స్టీరింగుకు, చక్రాలకు ఉన్న సంబంధం తెగిపోదు. బలం పెడితే కారు తిరుగుతుంది. తయారీదారుల వాదన నిలబడేది దీనిమీదనే. పవర్ స్టీరింగ్ లేని అంబాసిడర్ కార్లు నడిపిన తరం వారికి ఈ వాదన సబబుగానే తోచవచ్చును. కాని ఆ కార్లలో స్టీరింగు చక్రం పెద్దది. మనిషి బలానికి తగినట్లుగా దానిని అమర్చేవారు. మోటారు సాయం ఉంటుందన్న లెక్కతో రూపొందించిన కారులో ఆ సాయం పోతే సంగతి వేరు. పైగా ఆ బరువు ముందుగా తెలిసి వచ్చేది కాదు, కూడలిలో మలుపు సగంలో ఉండగా చేతికి తగిలేది. వృద్ధులకు, చేతుల్లో సత్తువ తక్కువగా ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

దర్యాప్తు జరిగే తీరు

అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టం ప్రకారం, ప్రమాదాల విషయంలో సమంజసం కాని ముప్పును కలిగించే లోపం ఉంటే తయారీదారు ఆ వాహనాలను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయవలెను. దీనినే రీకాల్ అంటారు. చట్టాన్ని అమలుపరచే జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 1970లో ఏర్పడినది. వాహన యజమానుల ఫిర్యాదులను పరిశీలించి ముందుగా ప్రాథమిక విచారణ, అవసరమైతే తరువాత ఇంజనీరింగ్ విశ్లేషణ జరుపుతారు. లోపం ఉన్నదని నిర్ధారించుకొన్న తయారీదారు ఐదు పనిదినాలలో ఆ సంగతి సంస్థకు తెలియజేయవలెను.

కోబాల్ట్, అయాన్ కార్ల వ్యవహారం

షెవర్లే కోబాల్ట్ కార్లపై 2010 జనవరిలో ప్రాథమిక విచారణ మొదలైనది. అప్పటికి సంస్థకు 1,100కు పైగా ఫిర్యాదులు అందినవి. వాటిలో 14 ప్రమాదాల ప్రస్తావన ఉన్నది. గాయపడినట్లు తెలిసినది ఒక్కరే. మార్చి నెలలో జనరల్ మోటార్స్ కోబాల్ట్, పాంటియాక్ జి5 తదితర కార్లను, ఉత్తర అమెరికాలో మొత్తం సుమారు 13 లక్షలు, వెనక్కి పిలిచి మోటారు మార్చడానికి అంగీకరించినది. 15 మైళ్ళ కంటె తక్కువ వేగంలో స్టీరింగు తిప్పడం కష్టమవుతుందనీ, అయినా కారును అదుపు చేయవచ్చుననీ కంపెనీ తెలిపినది.

ఈ లోపంలో ఒక చిక్కు ఉన్నది. ఇంజను ఆపి మళ్ళీ వేస్తే చాలాసార్లు స్టీరింగు మామూలుగా పనిచేసేది. అందువల్ల వర్కుషాపుకు తీసుకువెళ్ళేసరికి లోపం కనిపించకపోవచ్చును. ప్రమాదం జరిగినా కారణం డ్రైవరు పొరపాటుగా నమోదయ్యే అవకాశం ఉన్నది. కనుక ప్రమాదాల సంఖ్యను మాత్రమే చూసి లోపం తీవ్రతను అంచనా వేయడం సరికాదు.

సాటర్న్ అయాన్ కారు కోబాల్ట్‌కు తోబుట్టువు వంటిది. రెండింటి అడుగుభాగపు నిర్మాణం ఒకటే, విద్యుత్ స్టీరింగు కూడా అటువంటిదే. అయినా 2010 రీకాల్‌లో అయాన్ చేరలేదు. దానిపై భద్రతా సంస్థ 2011లో దర్యాప్తు మొదలుపెట్టినది గాని అది రెండేళ్ళు దాటినా తేలలేదు. చివరకు 2014 మార్చి 31న అయాన్, మాలిబు, పాంటియాక్ జి6 మొదలైన మరో 13 లక్షల కార్లకు అమెరికాలో రీకాల్ ప్రకటించారు. వీటిలో కొన్నింటికి అంతకుముందు వారంటీ పొడిగించి సరిపెట్టారు. ఇదివరకు తాము చేసినది చాలలేదని కంపెనీ అధికారే ఒప్పుకొన్నారు.

ఈ ప్రకటన వెలువడిన సమయం గమనించదగినది. అదే ఏడాది ఫిబ్రవరిలో కోబాల్ట్, అయాన్ కార్ల ఇగ్నిషన్ స్విచ్ లోపం బయటపడినది. తాళంచెవి జారితే ఇంజను ఆగి, పవర్ స్టీరింగుతో బాటు ఎయిర్ బ్యాగులు కూడా పనిచేయకుండా పోయేవి. ఆ లోపం వలన కలిగినవిగా నష్టపరిహార నిధి 124 మరణాలను అంగీకరించినది. అది వేరే లోపమే అయినా, దేశమంతా నిలదీస్తున్న ఆ రోజులలోనే స్టీరింగు రీకాల్ కూడా రావడం కాకతాళీయమని అనుకోవడం కష్టం. ప్రభుత్వ సంస్థ నెమ్మదితనం కూడా ఇందులో తక్కువేమీ కాదు.

తరువాతి ఉదంతాలు

ఫోర్డ్ కంపెనీ 2014లో ఎస్కేప్, ఎక్స్‌ప్లోరర్ తదితర కార్లను ఇదే కారణంతో వెనక్కి పిలిచినది. హోండా 2024లో సివిక్, సి.ఆర్-వి మొదలైన సుమారు 17 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించినది. అక్కడ సమస్య సాయం ఆగిపోవడం కాదు, స్టీరింగు పట్టేసినట్లు ఉండడం.

టెస్లా మోడల్ 3, మోడల్ వై కార్లపై 2023 జూలైలో మొదలైన దర్యాప్తును 2024 ఫిబ్రవరిలో రెండవ దశకు పెంచారు. అప్పటికి లెక్కకు వచ్చిన ఫిర్యాదులు 2,388. కంపెనీ 2025 ఫిబ్రవరిలో 3,76,241 కార్లకు రీకాల్ ప్రకటించి, సాఫ్ట్‌వేర్ మార్పుతో సరిచేసినది. కారు ఆగి మళ్ళీ కదిలేటపుడు సాయం అందకపోవచ్చునన్నది కంపెనీ వివరణ. పదిహేనేళ్ళనాటి తక్కువ వేగం వాదనకు ఇది దగ్గరి చుట్టమే.

అమెరికాకు చదువులకు వెళ్ళిన తెలుగు విద్యార్థులు పాత కార్లు కొనడం మామూలే. కారుకు ఉండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యను భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఇస్తే, ఇంకా బాగుచేయని రీకాళ్ళు ఉన్నవీ లేనివీ ఉచితంగా తెలుస్తుంది.

భారతదేశంలో

2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 110ఎ సెక్షను రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చినది. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినవి. ఏడేళ్ళ లోపు వాహనాలకు ఇవి వర్తిస్తాయి. నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేయడం ఇందుకు ఒక మార్గం. పరీక్షా సంస్థ నివేదిక లేక మరో ఆధారం ఇంకొక మార్గం. కోబాల్ట్ వ్యవహారంలో 13 లక్షల కార్లకు వచ్చిన ఫిర్యాదులు 1,100 పైచిలుకు, అనగా 0.1 శాతం కూడా కాదు. అటువంటి లోపం ఇక్కడ తలెత్తితే శాతాల లెక్క కంటె రెండవ మార్గమే ఉపయోగపడవచ్చును.