పలక మారినను పంతులే ప్రధానము

బడికొక తెరయు, పుస్తకమునందు పాఠమునకొక గుర్తును సమకూర్చినచో విద్య దానంతట బాగుపడునను భ్రమ మన పాలకులలో నానాటికి ప్రబలుచున్నది. ఈ భ్రమకు సమాధానము ఒక గ్రామోపాధ్యాయుని వృత్తిజీవితముననే కలదు. పాఠ్యపుస్తకములకు క్యూఆర్ కోడులను తొలుదొల్త జతచేసినవారిలో నాయన యొకరగుట గమనింపదగినది.

శ్రీ రంజిత్‌సింహ్ డిసలేగారు 2009లో మహారాష్ట్రములోని షోలాపూరు జిల్లా పరితేవాడి ప్రాథమిక పాఠశాలకు వచ్చిరి. నాడా బడి పశువుల కొట్టమునకును సామానుల గదికిని నడుమ శిథిలమై యున్న కట్టడము. పుస్తకములు పిల్లల యింటి భాషయగు కన్నడములో లేవు. డిసలేగారు ముందుగా ఆ భాషను నేర్చిరి. ఒకటవ తరగతి మొదలు నాలుగవ తరగతి వరకు గల పుస్తకములను పిల్లలకు తెలియునట్లు తిరుగ కూర్చిరి. పిమ్మట వానికి క్యూఆర్ కోడులను చేర్చి, పద్యములు చెవులకును పాఠములు కన్నులకును అందజేసిరి. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వమువారు తమ పాఠ్యపుస్తకములన్నిట నీ పద్ధతిని ప్రవేశపెట్టుదుమని ప్రకటించిరి.

అంతటితో పాఠము ముగియలేదు. కరవు సీమయగు నా యూర పరిసరముల సమస్యయే పిల్లలకు పాఠమైనది. పదేండ్లలో అచటి పచ్చదనము నూటికి 25 పాళ్లనుండి 33 పాళ్లకు పెరిగినదని, 2020లో వారికి ప్రపంచోపాధ్యాయ బహుమానము నొసగిన సంస్థవారు తెలిపిరి. ఆ పది లక్షల డాలర్లలో సగమును తమతో తుదివరకు పోటీపడిన తొమ్మండుగురు ఉపాధ్యాయులకు పంచియిచ్చుట వారి ఔదార్యమునకు నిదర్శనము.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పుస్తకములపైనను ఈ గుర్తులు వెలసినవి. సంతోషమే. కాని ఫోను లేని యింట అది వట్టి నల్లని మచ్చ. గోండి, కోయ, సవర భాషలు మాటలాడు పసివానికి తెలుగు పుస్తకమే యొక అడ్డుతెర. దానిపై మరియొక తెర దించిన నేమి ఫలము? ఒక్క ఉపాధ్యాయుడే అన్ని తరగతులను కాచుచు, పట్టికలు నింపుటలోను ఫోటోలు పంపుటలోను పొద్దుపుచ్చుచుండ, పిల్లలను చెరువుగట్టునకు గొనిపోయి నీటిమట్టము కొలిపించుట కతనికి తీరిక యెక్కడిది?

మేము యంత్రములకు విరోధులము కాము. డిసలేగారి గుర్తును గైకొన్న ప్రభుత్వములు వారి పద్ధతినిగూడ గైకొనవలెనని మా కోరిక. ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండవ ఉపాధ్యాయుని నియమింపవలెను. పిల్లల యింటి భాష నేర్చిన పంతులును ప్రత్యేకముగా గౌరవింపవలెను. బోధనకు సంబంధింపని పనుల భారమును తొలగించి, పాఠమును ఊరికి తగినట్లు మలచుకొను స్వేచ్ఛ నీయవలెను. ఇందుకగు వ్యయము యంత్రములకగు వ్యయముకంటె ముందుగా లెక్కకు రావలయును. పరితేవాడిలో మొదట వచ్చినది పంతులు. యంత్రము ఆయన వెంట వచ్చినది. మన బడులలోను ఆ క్రమమే నడచుగాక!