పంట చూడని కెప్టెన్

ఫుట్‌బాల్ ఆటలో గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో పెద్దక్షరాల్లో వస్తుంది. గోల్ పడకుండా అడ్డుకున్నవాడి పేరు ఎక్కడో ఆటగాళ్ల జాబితాలో ఉంటుంది. ఎనభై తొమ్మిది నిమిషాలు ఏ తప్పూ చేయకుండా నిలబడినా, మిగిలిన ఒక్క నిమిషంలో కాలు జారితే మాత్రం ఆయన పేరు కూడా పెద్దక్షరాల్లోకి ఎక్కుతుంది. డిఫెండర్ బతుకంటే ఇదే. ఉగాండా దేశస్థుడు ఇబ్రహీం సెకాగ్యా ఇంచుమించు పదిహేనేళ్లపాటు నాలుగు ఖండాల్లో ఈ పనే చేశాడు, తన దేశపు జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. విశ్వాసులు కాసేపు ఆగి ఆలోచించవలసిన జీవితం ఆయనది.

పేరు చూసి, ఈ శీర్షికలో ఈయన గురించి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు యేసుప్రభువు ఒక సమరయుణ్ణి చూపించాడు. విశ్వాసాన్ని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఒక రోమా శతాధిపతిని మెచ్చుకున్నాడు. మంచి పనివాడు ఎక్కడ కనబడినా నేర్చుకోవచ్చునని ప్రభువే చూపించాక మనకు అభ్యంతరం ఉండకూడదు.

ఉగాండా అనగానే మన సంఘాల్లోని పెద్దవాళ్లకు గుర్తొచ్చేది హతసాక్షులు. కంపాలా పక్కనున్న నముగొంగోలో 1886 జూన్ 3న, మ్వాంగా రాజు ఆజ్ఞ మేరకు, ప్రభువును విడిచిపెట్టనన్న యువకుల్ని కట్టెల మీద పేర్చి సజీవంగా కాల్చివేశారు. ఆ స్థలం ఇప్పుడు కిరా మునిసిపాలిటీలో ఉంది. అదే మునిసిపాలిటీలోని నంబూలేలో మండేలా జాతీయ స్టేడియం ఉంది. మన కథలో ముఖ్యమైన రోజులు రెండు ఆ మైదానంలోనే గడిచాయి. ఆ దేశ సంఘం మళ్లీ 1977లో రక్తం చిందించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇదీ అమీన్ పాలనలో ఆర్చిబిషప్ జనానీ లువుమ్ హతుడయ్యాడు. మరుసటి ఏడాదే, 1978లో, ఉగాండా జట్టు ఆఫ్రికా దేశాల కప్పు ఫైనల్ దాకా వెళ్లి అక్రాలో ఘనా చేతిలో 2–0తో ఓడింది. అంత భయం నడుమ కూడా అక్కడి జనం ఆ జట్టును చూసి మురిసిపోయారు. ఆ తర్వాత ముప్పై తొమ్మిదేళ్లపాటు ఉగాండా ఆ పోటీల గడప తొక్కలేదు.

ఆ ఫైనల్ జరిగిన రెండేళ్లకు, 1980 డిసెంబర్ 19న, సెకాగ్యా కంపాలాలో పుట్టాడు. కంపాలా సిటీ కౌన్సిల్ క్లబ్బుకు ఆడాడు. బాగా ఆడే ఆఫ్రికా కుర్రాళ్లు మామూలుగా యూరప్ వైపు చూస్తారు. ఈయన 2000ల మొదట్లో అర్జెంటీనాకు వెళ్లాడు. ప్రపంచమంతటికీ ఆటగాళ్లను పంపే దేశమది. అక్కడికి ఒక ఆఫ్రికా ఆటగాడు పని వెతుక్కుంటూ వెళ్లడమంటే కొబ్బరితోటలోకి కొబ్బరికాయలు మోసుకెళ్లి అమ్మినట్టే! మొదట రఫాయెలా పట్టణంలోని అట్లెటికో, తర్వాత బ్యూనస్ ఎయిర్స్‌లోని ఫెర్రో కార్రిల్ ఓస్తే, 2005 నుంచి సరందీలోని ఆర్సెనల్. ఇది ఇంగ్లాండులోని పెద్ద ఆర్సెనల్ కాదు, 1957లో పుట్టిన చిన్న క్లబ్బు. అక్కడ రెండేళ్లు గట్టిగా నిలబడి, 2007 మధ్యలో ఆస్ట్రియాలోని రెడ్ బుల్ సాల్జ్‌బర్గ్‌కు మారాడు. ఆయన వెళ్లిన కొన్ని నెలలకే, అదే డిసెంబరులో, సరందీ ఆర్సెనల్ ఒక మెక్సికో క్లబ్బుపై నెగ్గి కోపా సుడమెరికానా కప్పు గెలుచుకుంది. ఆ చిన్న క్లబ్బుకు అదే మొదటి అంతర్జాతీయ విజయం. ఫోటోలో సెకాగ్యా లేడు.

సాల్జ్‌బర్గ్‌లో మాత్రం ఆరేళ్లున్నాడు, కప్పులూ అందుకున్నాడు. 2009, 2010, 2012 సంవత్సరాల్లో ఆస్ట్రియా లీగ్ విజేత ఆ క్లబ్బే. 2009 శరదృతువులో యూరోపా లీగ్ గ్రూపులో ఇటలీ నుంచి లాజియో, స్పెయిన్ నుంచి విల్లారియల్ లాంటి జట్లుండగా సాల్జ్‌బర్గ్ ఆరు మ్యాచ్‌లకు ఆరూ గెలిచింది. ఆ ఎత్తు చూసిన క్లబ్బే 2012లో లక్సెంబర్గ్ దేశపు చిన్న జట్టు డ్యూడ్‌లాంజ్ చేతిలో దెబ్బతిని, ఛాంపియన్స్ లీగ్ వాకిట్లోంచే వెనుదిరిగింది. ఆయన జీతం తీసుకునే ఆడాడు. త్యాగమూర్తిగా చూపించే అవసరం మనకేమీ లేదు. అయితే ఒక సంగతి గమనించాలి. క్లబ్బు ఏ ఖండంలో ఉన్నా, 1999 నుంచి 2011 వరకు, పిలుపు వచ్చినప్పుడల్లా దేశం కోసం కంపాలాకు తిరిగి వచ్చాడు. ఆ జట్టును అక్కడ క్రేన్స్ అంటారు, అంటే కొంగలు. తలమీద బంగారు కిరీటం లాంటి జుట్టున్న కొంగ ఆ దేశపు జాతీయ పక్షి. పన్నెండేళ్లూ ఆ జట్టుకున్న కోరిక ఒక్కటే, ఆఫ్రికా కప్పు పోటీలకు మళ్లీ వెళ్లడం.

2007 జూన్‌లో కంపాలాలో నైజీరియాను 2–1తో ఓడించారు. ఊరంతా పండగ చేసుకుంది. అయినా గ్రూపులో నైజీరియా తర్వాత రెండో స్థానమే మిగిలింది, దారి మూసుకుపోయింది. 2012 పోటీల కోసం మళ్లీ బయల్దేరారు. ఈసారి అంగోలాను సొంత గడ్డపై 3–0తో చిత్తు చేశారు. చివరి మ్యాచ్ 2011 అక్టోబర్ 8న, నంబూలేలో, పొరుగు దేశం కెన్యాతో. గెలిస్తే చాలు, ముప్పై మూడేళ్ల నిరీక్షణ తీరుతుంది. స్టేడియం కిక్కిరిసిపోయింది. తొంభై నిమిషాలు ఆడారు. ఆట 0–0గా ముగిసింది. అదే రోజు గినీ బిస్సావులో అంగోలా గెలిచింది. గ్రూపు పట్టికలో అంగోలాకు 12 పాయింట్లు, ఉగాండాకు 11. తేడా ఒక్క పాయింటు!

ఆ స్కోరును మరోసారి చూడండి. కెన్యా గోల్ కొట్టలేదు. అంటే రక్షణ వరస తన పనిని నూటికి నూరు పాళ్లూ చేసింది. డిఫెండర్‌గా కెప్టెన్ చేతిలో ఉన్నదంతా ఆ రోజు జరిగింది, జరగవలసింది మాత్రం జరగలేదు. ఆ తర్వాత సెకాగ్యా దేశపు జట్టు నుంచి తప్పుకున్నాడు. ఆ పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆయన చొక్కా మడిచిపెట్టాడు.

ఇలాంటి చోట మేము బోధకులం వెంటనే మోషేను తీసుకొస్తాం. నెబో కొండ మీద నిలబడి దూరం నుంచి వాగ్దాన దేశాన్ని చూసి కన్నుమూసిన మోషే అంటాం. వినడానికి బాగుంటుంది, కానీ సరిపోదు. మోషే ఆగిపోవడానికి మెరీబా నీళ్ల దగ్గర జరిగిన సంగతి కారణమని సంఖ్యాకాండం స్పష్టంగా చెబుతోంది. దావీదు మందిరం కట్టలేకపోవడానికీ దేవుడు కారణం చెప్పాడు, అతని చేతులు చాలా రక్తం చూశాయన్నాడు. ఈ రెండు ఉదాహరణల్ని కష్టపడి ఫలితం చూడని ప్రతివాడికీ అతికిస్తే, తెలియకుండానే వాళ్ల మీద ఒక నేరం మోపినట్టవుతుంది. నీకు రాలేదంటే నీలో ఏదో ఉందన్నట్టు! యోబు స్నేహితులు చేసింది అదే కదా.

హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం చివర మనకు మరో వరస కనిపిస్తుంది. విశ్వాసం విషయంలో మంచి సాక్ష్యం పొందినా, వాగ్దానం నెరవేరడం కళ్లారా చూడకుండానే పోయినవాళ్లు వాళ్లు. అక్కడ వాళ్ల తప్పేమిటన్న ప్రస్తావనే లేదు. వాళ్ల తర్వాత వచ్చేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి అలా జరిగిందని మాత్రమే రచయిత చెబుతాడు. సమరయలో ప్రభువు తన శిష్యులతో అన్నదీ ఇదే తీరు. మీరు కోస్తున్న పొలంలో కష్టపడింది మరొకరని వాళ్లకు గుర్తుచేశాడు (యోహాను 4:36–38). ఆఫ్రికా కప్పు దేవుని రాజ్యంతో సమానమని మనం అనడం లేదు. కానీ పొలం ఒకరిది, పంట మరొకరిది అయినప్పుడు మనిషి లోపల కలిగే నొప్పి మైదానంలోనైనా మందిరంలోనైనా ఒకటే.

మన సంఘాల్లో ఆదివారం సాక్ష్యాల సమయం గమనించండి. వీసా వచ్చినవాళ్లు లేస్తారు. ఇల్లు కట్టుకున్నవాళ్లు, ప్రమోషన్ వచ్చినవాళ్లు, రోగం తగ్గినవాళ్లు లేస్తారు. చప్పట్లు కొడతాం, దేవునికి స్తోత్రం అంటాం. మంచిదే. వీళ్లంతా గోల్ కొట్టినవాళ్లు. తాగుడు మానని భర్త పక్కన ముప్పై ఏళ్లు కాపురం చేసి, అప్పులవాళ్లను వాకిట్లోనే ఆపి, పిల్లల్ని చెడు దారి పట్టకుండా కాపాడిన తల్లి ఏమని సాక్ష్యం చెప్పాలి? ఆమె కష్టం వల్ల జరిగింది ఏమీ లేదు, జరగకుండా పోయిందే ఉంది. కొడుకు జైలుకు వెళ్లలేదు. కూతురి చదువు ఆగలేదు. జరగనిదాన్ని ఎవరు లెక్కపెడతారు? మంచం పట్టిన అత్తగారికి పుళ్లు పడకుండా రోజుకు నాలుగుసార్లు పక్కకు తిప్పే కోడలిని ఏ వేదిక మీద నిలబెడతారు? డిఫెండర్ల లెక్క ఇక్కడే తప్పిపోతోంది. ఆశీర్వాదం అంటే కంటికి కనబడేదే అని ఏళ్ల తరబడి బోధించిన ఫలితమిది. ఆ బోధ వినీ వినీ, ఫలితం కనబడని విశ్వాసులు దేవుడు తమను మరచిపోయాడేమోనని లోలోపల కుమిలిపోతున్నారు. కొందరు మందిరానికి రావడమే మానేశారు.

బైబిలుకు మాత్రం ఈ లెక్క తెలుసు. నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మనలో చాలామంది పేర్ల పట్టిక అనుకుని దాటేస్తాం. అది యెరూషలేము గోడ బాగుచేసినవాళ్ల పట్టిక. ఎవరు ఏ గుమ్మం దగ్గర, ఎవరి ఇంటి ఎదుట పని చేశారో పేరు పేరునా రాశారు. కంసాలులున్నారు, వర్తకులున్నారు, తండ్రితో కలిసి పనిచేసిన షల్లూము కుమార్తెలున్నారు. పనికి మెడ వంచని తెకోవ పెద్దల సంగతీ రాశారు! గోడ పడిన ప్రయాసకు గోడకు పేరు రాదు. గోడ నిలబడి ఉన్నన్నాళ్లూ ఎవరూ దాన్ని చూడరు. అందుకే కాబోలు ఆ పేర్లను పరిశుద్ధ గ్రంథంలోకి ఎక్కించారు.

సెకాగ్యాకు 2013లో ఒక రోజు దక్కింది. ఆ ఏడాది న్యూయార్క్ రెడ్ బుల్స్‌లో చేరాడు. తియెరీ ఆన్రీ, టిమ్ కాహిల్ లాంటి పేరున్న వాళ్లు ఆ జట్టులో ఉన్నారు. 1996 నుంచి ఆడుతున్నా ఆ క్లబ్బు పెద్ద ట్రోఫీ ఒక్కటి కూడా ఎరగదు. అక్టోబర్ 27న షికాగో ఫైర్‌తో లీగ్ చివరి మ్యాచ్. షికాగో ముందు గోల్ కొట్టింది, ఆన్రీ సమం చేశాడు. రెండో సగం మొదలైన కాసేపటికే న్యూయార్క్‌ను 2–1తో ముందుకు తెచ్చిన గోల్ మన డిఫెండర్‌ది. చివరికి 5–2తో గెలిచారు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించినవారికిచ్చే సపోర్టర్స్ షీల్డ్ అందుకున్నారు. మర్నాడు ఆయన పేరు గోల్ కొట్టినవాళ్ల వరసలో వచ్చింది. కొద్ది రోజులకే ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ చేతిలో ఓడి అదే జట్టు ఇంటిదారి పట్టింది.

ఇక నంబూలే సంగతి. 2016 సెప్టెంబర్ 4న, కెన్యాతో ఆగిపోయిన ఆ మైదానంలోనే, ఉగాండా కొమొరోస్‌తో ఆడింది. ఫరూక్ మియా కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గెలిచి 2017 పోటీలకు అర్హత సంపాదించింది. 1978 తర్వాత ఇదే మొదటిసారి. గాబన్‌లో జరిగిన ఆ పోటీల్లో ఘనా చేతిలో, ఈజిప్టు చేతిలో ఒక్కో గోల్ తేడాతో ఓడి, మాలీతో 1–1గా ముగించి వచ్చేసింది. 2019లో మళ్లీ వెళ్లి రెండో దశ దాకా నిలిచింది. సెకాగ్యా తర్వాత ఆ జట్టుకు కెప్టెన్‌గా చేసిన ఆండీ మ్వెసిగ్వా కూడా డిఫెండరే, 2016 నాటికి ఆయనా జట్టులో లేడు.

ఆ సెప్టెంబరులో కంపాలా వీధులు ఊగిపోతున్నప్పుడు సెకాగ్యా అమెరికాలో ఉన్నాడు. 2015లో ఆట మానేసి, న్యూయార్క్ రెడ్ బుల్స్ రెండో జట్టుకు సహాయ కోచ్‌గా చేరాడు. తర్వాత ఆ జట్టుకే హెడ్ కోచ్‌గా కూడా పనిచేశాడు. రెండో జట్టంటే కుర్రాళ్ల జట్టు. ఆట పదునెక్కిన కుర్రాణ్ణి మొదటి జట్టు తీసుకెళ్లిపోతుంది, కోచ్ మళ్లీ కొత్తవాడితో మొదలుపెట్టాలి. 2016 అక్టోబరులో ఆ జట్టు యు.ఎస్.ఎల్. విజేత అయినప్పుడు అందులో టైలర్ ఆడమ్స్ అనే పదిహేడేళ్ల కుర్రాడున్నాడు. 2022 ప్రపంచ కప్పులో అమెరికా జట్టుకు కెప్టెన్ అతనే.