చంకలో గడ్డ, చెప్పుకోలేని బాధ

ఈ వారం ముచ్చట కాస్త చాటుగా చెప్పుకునేది. వంటలూ, వడియాలూ అయితే నలుగురిలో గట్టిగా మాట్లాడుకుంటాం. ఇలాంటివి మాత్రం పక్కింటి వదినతో చెప్పడానికి కూడా నోరు రాదు. ఆ నోరు రాకపోవడం వల్లే మా ఇంట్లో ఎంత పనైందో చెబుతాను, వినండి.

పోయిన వైశాఖంలో మా అక్క కూతురి పెళ్ళి. అక్కావాళ్ళది గిద్దలూరు పక్కన పల్లె. పెళ్ళి పన్నెండు రోజులుందనగా జాకెట్లు కుట్టించుకోవడానికి పిల్ల మార్కాపురం మా ఇంటికి వచ్చింది. టైలరమ్మ కొలతలు తీస్తూ చెయ్యెత్తమంటే ఎత్తదు. సగం దాకా లేపి ఆపేస్తుంది. నేను గదిలోకి తీసుకెళ్ళి గట్టిగా అడిగేసరికి “పిన్నీ, అమ్మకు చెప్పొద్దు” అని ఏడుపు మొదలుపెట్టింది. చూద్దును కదా, కుడి చంకలో నిమ్మకాయంత గడ్డ. చుట్టూ చర్మం కాలి నల్లబడి ఉంది.

సంగతేమిటంటే, మూడు వారాల ముందు తమ్ముడి పాత రేజరు తీసుకుని, నీళ్ళు కూడా తడపకుండా గీసుకుందట. నాలుగు రోజులకు ఎర్రటి పొక్కులు లేచాయి. దురద పుడితే గోళ్ళతో గిల్లింది. గడ్డ కట్టాక ఎవరో చెప్పారని సున్నం, పసుపు నూరి పట్టించింది. గడ్డ పగల్లేదు కానీ చర్మం కాలింది. ఆ తర్వాత మందుల షాపులో అడిగి తెచ్చుకున్న దురద ఆయింట్‌మెంట్ వారం రోజులు రాసింది. అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టరమ్మ చూసి చెప్పేదాకా మాకు తెలియదు. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది గానీ, లోపల చీముంటే దాన్ని ఇంకా పెరగనిస్తుందట.

గడ్డ కోసి చీము తీశారు. రోజూ కట్టు మార్పించుకోవాల్సి వచ్చింది. పెళ్ళి నాటికి పుండు పూర్తిగా ఆరలేదు. పట్టు జాకెట్టు కింద దూదీ, గుడ్డా పెట్టి పీటల మీద కూర్చోబెట్టాం. తలంబ్రాలు పోసేటప్పుడు అందరూ నవ్వుతున్నారు. చెయ్యెత్తినప్పుడల్లా ఆ పిల్ల పళ్ళు బిగించడం నేనొక్కదాన్నే చూశాను. “మొదటి వారంలో తీసుకొచ్చి ఉంటే కాపడంతోనే తగ్గిపోయేదమ్మా” అని డాక్టరమ్మ అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా అమ్మ నాకు చెప్పలేదు, నేను ఆ పిల్లకు చెప్పలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అసలు ఎందుకొస్తుంది?

వెంట్రుకను గీసినప్పుడు దాని కొన సూదిలా వాడిగా తెగుతుంది. మళ్ళీ పెరిగేటప్పుడు ఆ కొన పైకి రాకుండా వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. వాక్సింగ్ చేసినా, చిమటాతో పీకినా కొన్ని వెంట్రుకలు చర్మం లోపలే తెగి అక్కడే పెరుగుతాయి. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే అనుకుంటుంది. వాపు, ఎరుపు, దురద అందుకే. గిల్లితే సూక్ష్మక్రిములు చేరి చీము పడుతుంది. ఉంగరాల జుట్టున్న వాళ్ళకు ఈ బాధ ఎక్కువ.

మన ప్రాంతంలో దీనికి ఇంకో రెండు తోడయ్యాయి. ఒకటి ఎండ. మే నెలలో 42, 43 డిగ్రీల వేడిలో పొయ్యి దగ్గర నిలబడే మనకూ, పలకల పని, పొలం పని చేసే ఆడవాళ్ళకూ చంక ఆరే క్షణం ఉండదు. చెమటతో నానిన చర్మం ఇట్టే రాసుకుపోతుంది. రెండోది బోరు నీళ్ళు. మన ఉప్పునీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి జిడ్డు మిగులుతుంది. నురగ లేకపోతే బ్లేడు జారదు, గీరుకుంటుంది.

తీసుకోవడమా, మానడమా?

ముందు ఒక మాట. వెంట్రుకలుంటే మురికి అని ఎవరన్నా అంటే నమ్మకండి. రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టుకుంటే శుభ్రమే. మా పక్కింటి ముస్లిం అక్కయ్యకు తీసుకోవడం మత శుభ్రతలో భాగం. ఆడవాళ్ళ కోసమని విడిగా రేజరును అమెరికాలో జిలెట్ కంపెనీ 1915లో తెచ్చింది, చేతుల్లేని గౌన్లు ఫ్యాషనైన రోజులవి. ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ తీసుకుంటే పద్ధతిగా తీసుకోవాలి.

అన్నిటికంటే క్షేమం కత్తెరతోనో ట్రిమ్మరుతోనో కురచగా కత్తిరించుకోవడం. చర్మం దాకా గీయం కాబట్టి కొన లోపలికి పోదు. పొక్కులు మాటిమాటికీ వచ్చేవాళ్ళు ఇదే పాటించడం మంచిది.

రేజరే వాడేవాళ్ళు ఇలా చెయ్యండి.

తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్ళు ఒక చెంబెడు గోరువెచ్చగా కాచుకోండి. నురగ బాగా వస్తుంది. స్నానం అయ్యాక, వెంట్రుకలు మెత్తబడ్డాకే మొదలుపెట్టండి. మీ ఆయన షేవింగ్ క్రీమ్ వాడుకున్నా తప్పులేదు, రేజరు మాత్రం వేరుగా ఉండాలి. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడితే చర్మపు జబ్బులే కాదు, రక్తం ద్వారా పాకే కామెర్లు కూడా అంటుకోవచ్చు.

చంకలో వెంట్రుకలు ఒకే వైపు పెరగవు. పైభాగం ఒకవైపు, కిందిభాగం ఇంకోవైపు ఉంటాయి. అద్దంలో చూసుకుని ఎటు పెరిగితే అటే గీయండి. చర్మం సాగదీయకండి, గట్టిగా నొక్కకండి, గీసిన చోటే పదిసార్లు గీయకండి. ఒక్కో గీతకూ బ్లేడు కడగండి. ఐదారుసార్లు వాడాక బ్లేడు మార్చేయండి. పది రూపాయలకు చూసుకుంటే వందల్లో వదులుతుంది. రేజరును తడి బాత్రూములో కాకుండా పొడిగా ఉండే చోట దాచుకోండి.

అయ్యాక చల్లటి తడిగుడ్డ కాసేపు అద్ది, మెత్తగా ఒత్తి ఆరబెట్టండి. ఆ రోజుకు పౌడరు, సెంటు, నిమ్మచెక్క, పటిక ఏవీ వద్దు. చంక దగ్గర బిగుతుగా ఉండే జాకెట్టు, పాలిస్టరు గుడ్డ కూడా వద్దు. వదులు నూలు జాకెట్టు వేసుకోండి.

వెంట్రుకలు పోయే క్రీములు వాడేవాళ్ళు ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోవాలి. మంట పుడితే వాడొద్దు. అట్టపెట్టె మీద రాసిన నిమిషాలు దాటనివ్వద్దు. పుండు మీద అసలే రాయొద్దు.

వచ్చిన పొక్కుకు ఏం చెయ్యాలి?

మొట్టమొదట గీయడం, పీకడం పూర్తిగా ఆపండి. శుభ్రమైన గుడ్డను భరించగలిగే వేడినీళ్ళలో ముంచి, పిండి, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టండి. రోజుకు మూడు నాలుగుసార్లు. స్నానంలో మెత్తటి తడిగుడ్డతో సున్నితంగా గుండ్రంగా రుద్దితే ఇరుక్కున్న కొన బయటికొస్తుంది. పీచు, ఉప్పు, పంచదార పెట్టి రుద్దకండి. వెంట్రుక ఉంగరంలా చర్మం పైకి కనబడితే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో మెల్లగా కొనను పైకి లేపి వదిలేయండి. పీకొద్దు, పీకితే మళ్ళీ అదే కథ. కనబడకపోతే సూది ముట్టుకోనేవద్దు. పిండకండి, సున్నం పెట్టకండి, మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళలు మింగకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

గడ్డ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా ఆ రోజే వెళ్ళండి. సుగరున్న వాళ్ళు చిన్న చీము గడ్డకైనా ఆగకూడదు. గడ్డలు తరచూ వస్తుంటే సుగరు పరీక్ష కూడా చేయించుకోండి.

చంకల్లోనూ, గజ్జల్లోనూ గడ్డలు మానినట్టే మాని, మళ్ళీ మళ్ళీ వచ్చి మచ్చలు పడుతుంటే అది వెంట్రుక గొడవ కాకపోవచ్చు. హైడ్రాడెనైటిస్ అనే చర్మవ్యాధి ఒకటుంది. అది మురికి వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. సిగ్గుపడకుండా చర్మవ్యాధుల డాక్టరుకు చూపిస్తే మందులున్నాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. నొప్పి లేని గడ్డ, గట్టిగా చేతికి తగిలేది, రెండు వారాలైనా పోనిది ఉంటే వెంటనే చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే పొరపాటు. రొమ్ములో జబ్బుంటే కొన్నిసార్లు ముందు చంకలో బిళ్ళగానే తెలుస్తుంది. అన్నీ అలాంటివే అని భయపడక్కర్లేదు, కానీ చూపించుకుంటేనే కదా తెలిసేది.

మగ డాక్టరని జంకితే పక్కన నర్సమ్మను ఉంచమని అడగండి, అడగడం మన హక్కు.

మీ ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంటే ఈ సాయంత్రం జడ వేస్తూ వేస్తూ ఈ ముచ్చట చెప్పండి. తిట్టకుండా చెప్పండి. ఏదన్నా వస్తే మొదటిరోజే మీ దగ్గరికి వస్తుంది. మా పిల్ల ఇప్పుడు ఐదో నెల. మొన్న సీమంతానికి గాజులు తొడుగుతుంటే చెయ్యి బాగా పైకెత్తి చూపించి, “చూడు పిన్నీ, నొప్పి లేదు” అని నవ్వింది.

వచ్చే వారం బూడిద గుమ్మడి వడియాలు. అందాకా సెలవు.