అమ్మమ్మ విమానం ఎక్కితే



మొయినాబాద్ దగ్గర ఉన్న చిలుకూరు బాలాజీ గుడిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గుడిలో హుండీ లేదు. కోరిక ఉన్నవారు 11 ప్రదక్షిణలు చేస్తారు. అది తీరితే మళ్ళీ వచ్చి 108 చేస్తారు. విదేశాలకు పోవాలనుకునేవారు ఎక్కువగా వచ్చి మొక్కుతారు గనుక ఆయనకు వీసా బాలాజీ అని పేరు వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం మా ఇంటావిడ కూడా మొక్కుకున్నది. చికాగోలో ఉన్న మా అమ్మాయిని చూడాలని ఆమె కోరిక. వీసా వచ్చింది. ఆమె చేవెళ్ల నుంచి బస్సులో వెళ్ళి, 108 ప్రదక్షిణలూ ఒక్క పూటలో పూర్తి చేసింది. వారం తిరక్కుండా శంషాబాదులో విమానం ఎక్కాము. దుబాయిలో మరో విమానంలోకి మారాము. అక్కడి నుంచి చికాగోకు సుమారు 15 గంటల ప్రయాణం. ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. నాది రెండు వరుసల వెనక.

గుడి చుట్టూ 108 సార్లు తిరిగిన మనిషి ఆ 15 గంటల్లో ఒక్కసారి కూడా లేవలేదు! ఎందుకో తెలుసా? పక్కనున్న పెద్దమనిషిని లేపడం మర్యాద కాదనుకున్నది. లేవవలసి వస్తుందని మంచినీళ్ళు కూడా తాగలేదు. మరి నేనేం చేశాను? కడుపునిండా తిని నిద్రపోయాను. ఏళ్ళ తరబడి పిల్లలకు శరీరశాస్త్రం చెప్పిన మేష్టారిని!

దిగేసరికి ఆమె పాదాలు రెండూ ఉబ్బి చెప్పులు పట్టలేదు. ఇది చాలామందికి జరిగేదే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కాని నాలుగో రోజున ఎడమ పిక్క ఒక్కటే వాచి ఎర్రబడింది. ముట్టుకుంటే నొప్పి అన్నది. అమ్మాయి ఆలస్యం చేయక డాక్టరుకు చూపించింది. లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టిందని ఆయన చెప్పాడు. కొన్ని నెలలు మందు వాడితే నయమైంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ఉంటే ప్రాణానికే ముప్పు వచ్చేది.

నెత్తురు ఎందుకు గడ్డకట్టింది?

ఒక పని చేయండి. బల్లమీద కూర్చుని, మీ పిక్కమీద చెయ్యి వేసి, మడమను పైకెత్తండి. పిక్క గట్టిపడింది కదూ? దించండి, మెత్తబడింది. అదే మీ కాలిలో ఉన్న బోరింగు! ఊళ్ళో బోరింగు కొడుతుంటే నీళ్ళు పైకి వస్తాయి. లోపలి కవాటం వాటిని తిరిగి కిందికి జారనివ్వదు. కాలి సిరల్లోనూ అలాంటి కవాటాలున్నాయి. నడిచినప్పుడల్లా పిక్క కండరం సిరను నొక్కి నెత్తురును గుండెవైపు పంపుతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే బోరింగు ఆగినట్లే. నెత్తురు కింద మందగిస్తుంది. మందగించిన నెత్తురు కొందరిలో గడ్డకడుతుంది.

ఇది విమానం చేసిన తప్పు కాదు సుమా! 1940లో లండను నగరం మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా ఆశ్రయాలలో కుర్చీలలో కూర్చుని గడిపేవారు. వారిలో కొందరు ఇలా గడ్డకట్టి చనిపోవడం కీత్ సింప్సన్ అనే డాక్టరు గమనించాడు. కూర్చోవడమే కారణమన్నమాట. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదేమంటే, నాలుగు గంటలకు మించిన ప్రయాణం ఈ ప్రమాదాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. అయినా అది దాదాపు 6,000 మందిలో ఒకరికి మాత్రమే వస్తుంది. బస్సుకూ రైలుకూ ఇదే లెక్క. కనుక భయపడనక్కర లేదు, ఏమరకుండా ఉంటే చాలు.

విమానంలోని గాలి సంగతి కూడా వినండి. 35,000 అడుగుల ఎత్తున బయటి గాలి ఊపిరికి చాలదు. అందుచేత లోపలికి గాలిని పంపి, 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండేంత ఒత్తిడిని నిలుపుతారు. అంటే ఇంచుమించు ఊటీ కొండమీద కూర్చున్నట్లే! ఒత్తిడి తగ్గితే గాలి వ్యాపిస్తుంది. అందుకే మూసిన చిరుతిండి పొట్లం ఉబ్బుతుంది, కడుపూ ఉబ్బుతుంది. కనుక మితంగా తినాలి. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే గుటక వెయ్యాలి, లేదా ఆవులించాలి. అందుకే పిప్పరమెంటు బిళ్ళ పనికివస్తుంది. ఆ గాలిలో తేమ కూడా చాలా తక్కువ, గనుక పెదవులూ గొంతూ ఎండిపోతాయి. ఖాళీ సీసా తీసుకుపోయి, తనిఖీ అయిన తరువాత నీళ్ళు నింపుకుంటే ఎవరినీ అడగనక్కర లేదు.

పోయిన ఏడు మేము మళ్ళీ వెళ్ళాము. ఈసారి ముందుగా డాక్టరును అడిగాము. ఒకసారి గడ్డకట్టినవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు, గర్భిణులు తప్పక అడగాలి. ఆయన మోకాలి వరకు బిగుతుగా ఉండే మేజోళ్ళు రాసిచ్చాడు. మా మనవరాలు పెద్ద తెలుగు అక్షరాలతో ఒక కాగితం రాసిచ్చింది:

"అమ్మమ్మా! నడవ పక్క సీటు అడుగు. గంటకొకసారి లేచి నడు. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండు. దాహం కాకముందే నీళ్ళు తాగు. కాళ్ళు అడ్డంగా వేసుకోకు. ఒక కాలు వాచినా, రొమ్ములో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే చెప్పు. దిగిన కొన్ని వారాల దాకా ఇది మరచిపోకు."

మా ఇంటావిడ ఆ కాగితం కొంగున ముడివేసుకున్నది. ప్రతి గంటకూ లేచి విమానం చివరి వరకు పోయి రావడమే. చికాగో చేరేటప్పటికి నావైపు తిరిగి, "పదకొండు అయినాయండీ!" అన్నది. ఆమె చెప్పులు ఆమె పాదాలకు సరిగ్గా పట్టినాయి.

మీ ఇంట్లోనూ తాతయ్యో నాయనమ్మో విమానం ఎక్కబోతున్నారా? పక్కవారిని లేపడానికి మొహమాటపడేది వారే. అలాంటి కాగితం మీరూ రాసివ్వండి. రాసేముందు మీరే బల్లమీద కూర్చుని మడమలెత్తి చూపించండి. చేసి చూపించిన పాఠాన్ని పెద్దవాళ్ళు కూడా మరచిపోరు.