తెలుగు స్వతంత్ర సంగీత బృందాలు - అంతర్జాల ప్రచారం

తెలుగు స్వతంత్ర సంగీతం అనగా సినిమా కొరకు కాక, కళాకారులు తమంతట తామే వ్రాసి, స్వరపరచి, రికార్డు చేసి విడుదల చేసే సంగీతం. వాడుకలో వీటిని "ప్రైవేటు పాటలు" అంటారు. తెలుగునాట పాట అనగానే సినిమా పాట అనే అర్థం స్థిరపడిపోవడం వలన మిగిలిన పాటలన్నిటికీ ఈ పేరు వచ్చింది. ఇటువంటి పాటలు కట్టే బృందాలు అంతర్జాలంలో తమ సంగీతాన్ని ప్రచారం చేసుకొని, లేబుళ్ళుగా పిలువబడే ఆడియో సంస్థల దృష్టిలో పడాలని చేసే ప్రయత్నాలు 2010 తరువాత బాగా పెరిగాయి. ఈ ప్రయత్నాల గురించి జరిగే చర్చ ఎక్కువగా వీక్షణల సంఖ్య చుట్టూ తిరుగుతుంది. పాట ఎవరి ఛానెల్‌లో ఉన్నది, దాని హక్కులు ఎవరి పేరిట ఉన్నాయి అనే విషయం అంతకంటే ముందు తేలవలసినది. చాలా సందర్భాలలో అది ఒప్పందం కుదిరిన తరువాతనే బయటపడుతుంది.

విశ్వవిద్యాలయ ప్రాంతం

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ప్రాంగణానికి ఒకవైపు విద్యానగర్, అడిక్‌మెట్, మరొకవైపు తార్నాక ఉన్నాయి. జిల్లాల నుండి వచ్చే విద్యార్థులు హాస్టళ్ళలోను, ఈ పేటలలోని అద్దె గదులలోను ఉంటారు. వారితో పాటు వారి ఊరి పాటలు కూడా ఇక్కడకు వచ్చాయి. 1969 ఉద్యమంలోను, 2009 నవంబరు తరువాత సాగిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోను ఈ ప్రాంగణం ప్రధాన కేంద్రం. 2010 జనవరి 3న ఇక్కడ విద్యార్థి గర్జన సభ జరిగింది. ఇటువంటి సభలలో ఉపన్యాసానికి ఎంత చోటు ఉండేదో పాటకూ అంత చోటు ఉండేది. డప్పు పట్టుకొని మైకు ముందు నిలబడి వేలమందిని కూర్చోబెట్టగల గాయకులు ఆ కాలంలో తయారయ్యారు.

ఆ పాటలు సీడీల ద్వారా, సెల్‌ఫోన్లలో వేసుకొనే మెమరీ కార్డుల ద్వారా ఊళ్ళకు చేరాయి. పాడినవారి పేరు మాత్రం పాటతో పాటు ప్రయాణం చేయలేదు. ఉద్యమానికి దానివలన నష్టం లేదు. పాటనే బ్రతుకుతెరువుగా ఎంచుకోదలచిన వారికి మాత్రం ఆ పద్ధతి తరువాతి కాలంలో అడ్డంకి అయింది.

ఇదే విశ్వవిద్యాలయపు తెలుగు శాఖలో ఆచార్య బిరుదురాజు రామరాజు 1950వ దశకంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేశారు. పల్లెల నోట ఉన్న పాటలను సేకరించి గ్రంథస్థం చేసే సంప్రదాయానికి ఆయన కృషి బలమైన పునాది. సేకర్తకు, పాడినవారికి, పాటకు మధ్య గల సంబంధం అప్పట్లో విద్యావిషయం. నేడు అదే సంబంధం ఆదాయ విషయమైనది.

సినిమా అనే గమ్యం

ఆంగ్ల దేశాలలో స్వతంత్ర బృందం లేబుల్‌ను ఆకర్షించడం అంటే ఆ బృందపు పేరుతోనే ఆల్బమ్ వెలువడడం. ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన ఆర్కిటిక్ మంకీస్ బృందం దీనికి తరచుగా చెప్పబడే ఉదాహరణ. కచేరీలలో ఉచితంగా పంచిన సీడీలలోని పాటలను అభిమానులే అంతర్జాలంలో పంచుకొనగా ఆ బృందానికి పేరు వచ్చింది. 2005లో డొమినో అనే స్వతంత్ర సంస్థతో ఒప్పందం కుదిరి, 2006 జనవరిలో మొదటి ఆల్బమ్ విడుదలైనది.

తెలుగులో పరిస్థితి వేరు. ఆదిత్య మ్యూజిక్, లహరి, మ్యాంగో, సరిగమ, టీ-సిరీస్ వంటి సంస్థలు తెలుగులో ప్రధానంగా సినిమా పాటల హక్కులతో వ్యాపారం చేస్తాయి. వాటి దృష్టిలో పడిన స్వతంత్ర కళాకారుడు సాధారణంగా చేరేది సినిమాకే. అంతర్జాలానికి ముందు కూడా ఇదే దారి. 1990వ దశకంలో మిస్టీ రిథమ్స్ బృందంతో పేరు తెచ్చుకొన్న రమణ గోగుల 1998లో వచ్చిన "ప్రేమంటే ఇదేరా"తో సినిమా సంగీత దర్శకుడయ్యాడు. యూట్యూబ్ కాలంలో రాహుల్ సిప్లిగంజ్ సొంత ఛానెల్‌లో పెట్టిన ప్రైవేటు పాటలతో హైదరాబాదు యువతకు దగ్గరయ్యాడు. కాలభైరవతో కలిసి అతడు పాడిన "నాటు నాటు"కు 2023 మార్చిలో ఆస్కార్ లభించింది. ఆ పురస్కారం సంగీత దర్శకుడు కీరవాణికి, గీత రచయిత చంద్రబోస్‌కు దక్కినది. గాయకులు ఆ వేదికపై పాట పాడారు.

హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం అనుభవం ఇంకా స్పష్టమైనది. పల్లె నుడికారంతో కట్టిన పాటలను యూట్యూబ్ ద్వారా వినిపించి ఈ బృందం పేరు పొందింది. బృందంలోని గాయకుడు రామ్ మిరియాల 2021లో "జాతిరత్నాలు" చిత్రానికి పాడిన "చిట్టి" పాట, 2022లో "డీజే టిల్లు" చిత్రానికి స్వరపరచి పాడిన పాట రాష్ట్రమంతటా మారుమ్రోగాయి. సినిమాకు కావలసినది ఒక గొంతు, ఒక బాణీ. నలుగురైదుగురు కలిసి పెంచుకొన్న బృందపు ధ్వనిని సినిమా మొత్తంగా తీసుకొనడం అరుదు. కాబట్టి తెలుగు బృందానికి లేబుల్ దొరకడం అంటే ఒక్కొక్కసారి బృందం మిగలకపోవడం అని కూడా అర్థం. దీనిని ఎవరి తప్పుగానూ చెప్పలేము. కచేరీ టిక్కెట్ల మీద ఒక బృందం బ్రతికే పరిస్థితి తెలుగు పట్టణాలలో ఇంకా ఏర్పడలేదు.

ప్రచారం జరిగే తీరు

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధరలు పడిపోయాయి. అంతకు ముందు వీడియో చూడడానికి నెట్ సెంటరుకు వెళ్ళవలసిన శ్రోత తన ఊరిలోనే పాట చూడగలిగాడు. జానపద పాటల ఛానెళ్ళ వ్యాప్తికి ఇది ముఖ్య కారణం. స్పాటిఫై భారతదేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఇందులో కళాకారుడు నేరుగా పాటను ఎక్కించలేడు. డిస్ట్రిబ్యూటరు అనబడే మధ్యవర్తి సంస్థ ద్వారా పంపాలి. సంపాదకులు కూర్చే పాటల జాబితాలకు పరిశీలన కోరాలంటే విడుదలకు ముందే పాటను సమర్పించాలి. కనీసం వారం రోజుల వ్యవధి ఉండాలని ఆ సంస్థ సూచిస్తుంది. రికార్డింగు పూర్తి కాగానే అదే రాత్రి విడుదల చేసే అలవాటు వలన చాలా బృందాలు ఈ అవకాశాన్ని వదులుకొంటున్నాయి.

యూట్యూబ్ 2018లో విధించిన నిబంధన ప్రకారం ప్రకటనల ఆదాయంలో వాటా పొందాలంటే ఛానెల్‌కు 1,000 మంది చందాదారులు, పన్నెండు నెలలలో 4,000 గంటల వీక్షణ సమయం ఉండాలి. షార్ట్స్ వీడియోల ద్వారా అర్హత పొందే మార్గం తరువాత చేర్చబడింది. 2024 నుండి స్పాటిఫైలో కూడా ఏడాదికి 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లేదు. అంటే మొదటి వేయిమంది శ్రోతలు దొరికే వరకు చేసే పని అంతా పెట్టుబడి క్రిందనే లెక్క.

వీక్షణల సంఖ్యను లేబుళ్ళు పూర్తిగా నమ్మవు. 2019 జూలైలో ర్యాప్ గాయకుడు బాద్‌షా పాట "పాగల్"కు 24 గంటలలో 7.5 కోట్ల వీక్షణలు వచ్చినట్లు ప్రకటించారు. యూట్యూబ్ దానిని రికార్డుగా గుర్తించలేదు. డబ్బు చెల్లించి ప్రకటనగా చూపించిన వీక్షణలను 24 గంటల రికార్డులలో లెక్కించబోమని అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది. హాస్టలు మిత్రులందరి చేత పదేపదే నొక్కించిన లెక్క కూడా ఎంతోకాలం నిలువదు. ఎవరూ అడుగకుండానే ఇతరులు ఆ పాటను తిరిగి పాడుతున్నారా, ఆడుతున్నారా అన్నది ఇంతకంటే నమ్మదగిన గుర్తు. 2021 ఏప్రిల్‌లో విడుదలైన "బుల్లెట్టు బండి" పాట ఇందుకు నిదర్శనం. అప్పటికే సినిమా గాయనిగా పేరున్న మోహన భోగరాజు పాడిన ఈ పాట అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక పెళ్ళికూతురు తన పెళ్ళి ఊరేగింపులో చేసిన నృత్యంతో ఇంటింటికీ చేరింది. ఆ వీడియో తయారీలో పాట నిర్మాతల ప్రమేయం లేదు. ప్రచారానికి ఖర్చు పెట్టగలిగిన వారు సైతం ఇటువంటిదానిని ఏర్పాటు చేయలేరు.

వేదికల మీద ఆధారపడడంలో ప్రమాదం కూడా ఉన్నది. టిక్‌టాక్ 2020 జూన్ 29న భారతదేశంలో నిషేధించబడినపుడు అక్కడ పెంచుకొన్న అనుచరగణం ఒక్కరోజులో పోయింది. అంతకు ముందు తరం బృందాలకు నెలవైన మైస్పేస్, 2015కు ముందు ఎక్కించిన పాటలన్నీ సర్వరు మార్పిడిలో పోయాయని 2019లో ఒప్పుకొన్నది. మూల రికార్డింగును తమవద్ద భద్రపరచుకొనని బృందాలలో చాలావాటికి ఆ పాటలు తిరిగి దొరకలేదు.

ఛానెల్ యజమాని

తెలంగాణ జానపద పాటల రంగంలో సాధారణంగా కనిపించే ఏర్పాటు ఇది. ఒక ఛానెల్ యజమాని స్టూడియో ఖర్చు, చిత్రీకరణ ఖర్చు భరిస్తాడు. గాయనికి, రచయితకు కొంత మొత్తం ఒకేసారి ఇస్తాడు. పాట అతని ఛానెల్‌లో విడుదలవుతుంది. పాట కోట్లమందికి చేరితే చందాదారులు చేరేది ఛానెల్‌కు. రేపు లేబుల్ వచ్చి హక్కులు కొనదలచినా మాట్లాడేది ఛానెల్ యజమానితోనే. గాయనికి పేరు వస్తుంది. ఆ పేరుతో జాతరలు, వినాయక మండపాలు, బతుకమ్మ ఉత్సవాలు, పెళ్ళిళ్ళలో కచేరీలు దొరుకుతాయి. యజమాని పెట్టుబడి పోయే అవకాశం కూడా నిజమే. విడుదలైన పది పాటలలో తొమ్మిది ఎవరికీ పట్టకపోవచ్చు. ఐతే ఆ పదవ పాట ఫలం పూర్తిగా ఒక్కరికే చేరడం ఎంతవరకు సబబు అన్నది ప్రశ్న.

ఈ విషయంలో మంగ్లీ ప్రయాణం గమనింపదగినది. టీవీ కార్యక్రమాలతోను, ఇతరుల ఛానెళ్ళలో వచ్చిన బతుకమ్మ పాటలతోను ఆమె ప్రసిద్ధి పొందింది. తరువాత తన పేరిటనే ఛానెల్ ఏర్పరచుకొని శివరాత్రి పాటల వంటివి అందులో విడుదల చేస్తూ వచ్చింది. సినిమా పాటలు వచ్చిన తరువాత కూడా ఆ ఛానెల్‌ను వదలలేదు. పాటలు మరొకరి వద్ద ఉన్న గాయకులకు ఇటువంటి ఆధారం ఉండదు.

చట్టం ఏమంటుంది

1957 నాటి కాపీహక్కు చట్టం ప్రకారం ఒక పాటలో సాహిత్యం, సంగీతం, రికార్డింగు అనే మూడు వేరువేరు హక్కులు ఉంటాయి. 2012 సవరణ తరువాత గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును వారసులకు లేదా కాపీహక్కు సంఘానికి తప్ప మరెవ్వరికీ వదులుకొనలేరు. అటువంటి షరతు కాగితంపై వ్రాసి ఉన్నా చెల్లదు. గాయకులకు వాణిజ్య ఉపయోగంపై రాయల్టీ పొందే హక్కు గుర్తించబడినది. హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగానే జరగాలి. ఎంతకాలానికో వ్రాయకపోతే ఐదేళ్ళకు, ఏ ప్రాంతానికో వ్రాయకపోతే భారతదేశానికి మాత్రమే వర్తిస్తుంది. హక్కు తీసుకొన్నవారు ఏడాదిలోగా దానిని వాడకపోతే, ఒప్పందంలో వేరుగా లేనంతవరకు, బదిలీ రద్దవుతుంది.

పాటను వ్రాసుకొని పాడే విద్యార్థికి ఇవి ఎంతో ఉపయోగపడే నిబంధనలు. ఆచరణలో ఐదు వేలకో పది వేలకో ఫోనులో మాట అనుకొని పని జరిగిపోతుంది. రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ వంటి సంఘంలో సభ్యత్వం తీసుకొనకపోతే చట్టం ఇచ్చిన వాటా చేతికి వచ్చే మార్గం కూడా ఉండదు.

జానపద బాణీల చిక్కు

పాట పూర్వులదైనపుడు సమస్య మరింత జటిలం. 2021 ఫిబ్రవరిలో "లవ్ స్టోరీ" చిత్రం నుండి వెలువడిన "సారంగ దరియా" పాటను సుద్దాల అశోక్ తేజ వ్రాయగా మంగ్లీ పాడింది. దాని మూలమైన జానపద గీతాన్ని తాను సేకరించి అంతకు ముందే టీవీ కార్యక్రమంలో పాడానని వరంగల్లు ప్రాంతపు గాయని ఒకామె అభ్యంతరం తెలిపింది. పత్రికలలో, టీవీలలో పెద్ద చర్చ జరిగింది. జానపద గీతం అందరిదీ అనే వాదన ఒకటి, వెతికి వెలికి తీసినవారి శ్రమకు గుర్తింపు ఉండాలనే వాదన మరొకటి. రెండూ న్యాయమైనవే కనుక చర్చ అంత తొందరగా ముగియలేదు.

యూట్యూబ్ 2007లో ప్రవేశపెట్టిన కంటెంట్ ఐడీ అనే యంత్ర వ్యవస్థకు ఇటువంటి న్యాయాన్యాయాలు తెలియవు. నమోదైన రికార్డింగుతో పోలిన ధ్వని కనబడితే ఆ వీడియోను అడ్డుకొనడమో, దాని ఆదాయాన్ని నమోదు చేసినవారికి మళ్ళించడమో జరుగుతుంది. సొంత పాటను ముందు ఇతరుల ద్వారా విడుదల చేసిన గాయకుడు, తరువాత అదే రికార్డింగును తన ఛానెల్‌లో పెట్టుకొంటే నోటీసు అతనికే వస్తుంది. అటువంటపుడు అభ్యంతరం చెప్పడానికి మూల ఫైళ్ళు, ఒప్పంద పత్రం చేతిలో ఉండాలి. జానపద బాణీకి చట్టంలో యజమాని లేకపోయినా, దాని రికార్డింగుకు యజమాని ఉంటాడు. చొరవ తీసుకొని, బాధ్యత వహించి రికార్డింగు చేయించినవారే ఆ యజమాని. అందువలన విద్యానగర్‌లోనో తార్నాకలోనో నలుగురు విద్యార్థులు చందాలు వేసుకొని స్టూడియో అద్దె కట్టి పాట చేసుకొన్నపుడు, ఆ రసీదు ఎవరి పేరిట వ్రాయించారన్నది తరువాత ఎవరైనా లేబుల్ వారు వచ్చి అడిగే మొదటి కాగితం కావచ్చు.