రోడ్డు మీది ఫైసలాలు ఆగాలి, టెంపోలకు బీమా కావాలి

బీమా లేని బండి ప్రమాదంలో పడితే రెండు బండ్ల మరమ్మతూ దాని ఓనరు మెడకే చుట్టుకుంటుంది, తప్పు అతనిది కాకపోయినా. సూరత్‌లోని లింబాయత్, ఉధనా తెలుగు వాడల్లో ఇది కొత్త సంగతి కాదు. మగ్గాల ఖాతాల (కార్ఖానాల) నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లకు తాకాలు (బట్ట తానులు) మోసే టెంపో ఏ కారుకైనా తగిలిందంటే అక్కడికక్కడే పంచాయితీ. బంపర్ ఇంత, హెడ్‌లైట్ ఇంత, డెంటింగు పెయింటింగు ఇంత అని నోటికొచ్చిన లెక్క. టెంపో తాళం చెవి కారువాడి జేబులోకి పోతుంది. గ్యారేజీ ఎస్టిమేటు ఉండదు, రసీదు ఉండదు, తప్పెవరిదని అడిగే నాథుడుండడు. ‘బీమా లేదుగా, స్టేషన్‌కు పోదామా?’ అన్న ఒక్క మాటకు డ్రైవరు దిగొస్తాడు. పొద్దుగూకేలోగా వడ్డీకి తెచ్చి కడతాడు.

ఆ బెదిరింపులో పస సగమే. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారి శిక్ష 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. బీమా లేనివాడు పరిహారం అడగరాదని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. తప్పు కారుదైతే టెంపో మరమ్మతు ఖర్చును కారు ఓనరు నుంచి, అతని బీమా కంపెనీ నుంచి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో రాబట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అందుకు గడువు ఆరు నెలలు. ఎఫ్ఐఆర్, ఫొటోలు, గ్యారేజీ బిల్లు ఉండాలి. ఫైసలాతో చేజారేవి సరిగ్గా ఇవే.

తప్పు టెంపోదైతే దెబ్బ మామూలుగా ఉండదు. బీమా లేని బండిని తగిన పూచీ చూపేదాకా వదలొద్దని, మూడు నెలల్లో చూపకపోతే అమ్మేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్‌లో జమచేయాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అంటే ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే బండి వేలానికి పోతుంది.

మరి బీమా ఎందుకు చేయించరు? చిన్న సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నాటి రేటు ప్రకారం ఏడాదికి 16,049 రూపాయలు, పన్ను అదనం. చిన్న కారుకు 2,094. సరుకు మోసి బతికేవాడి మీద ఏడు రెట్లకు పైగా భారం! పైగా ప్రీమియం ముందే అందనిదే పాలసీ మొదలు కాకూడదని 1938 నాటి బీమా చట్టం. ఏ వారం కిరాయి ఆ వారమే ఖర్చయ్యే ఇంట్లో ఒక్కసారిగా అంత డబ్బు ఎక్కడిది? కాబట్టి ఆ మొత్తాన్ని ముందుగా పెట్టాల్సింది సరుకు ఎక్కించే వ్యాపారులే. నెలకు సుమారు 1,340 చొప్పున కిరాయిలో కోసుకోవచ్చు. వాళ్ళు ముందుకు రాకపోతే కుల సంఘాలు చిట్టీల నుంచి ఇవ్వాలి. పెళ్ళిళ్ళకు కదిలే చిట్టీ డబ్బు దీనికెందుకు కదలదు? డ్రైవర్లు ఆ డబ్బు తాగేస్తారన్న మాటకు జవాబు అనవసరం, ప్రీమియం నేరుగా కంపెనీకే వెళ్తుంది.

సెకండ్ హ్యాండ్ టెంపో కొన్నవాళ్ళే కాదు, అమ్మినవాళ్ళు కూడా ఆర్‌సీలో పేరు మారేలా చూసుకోవాలి. పేరు మారకపోతే పరిహారం కట్టాల్సింది ఆర్‌సీలో ఉన్న పాత ఓనరేనని 2018లోనే సుప్రీంకోర్టు మరో కేసులో చెప్పింది. రాష్ట్రం లోపల అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో.